గీత పిల్లలది, గోడ పని పెద్దలది: ఒక ప్రాథమిక పాఠశాల గోడచిత్రం

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 168 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల. వీధి వైపు 14 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న ప్రహరీ గోడ. పిల్లలు, తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు కలిసి 12 వారాల్లో ఆ గోడ మీద చిత్రం వేయాలి. ఆ 12 వారాల పనీ పిల్లలకి చిత్రకళ పాఠమే కావాలి. దొరికే సమయం వారానికి ఒకసారి, రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు. చిత్రకళ టీచరు ఒక్కరే. తరగతి టీచర్లకి రంగులతో పని అలవాటు లేదు.

గోడ అందంగా కనిపించడం ఒక్కటే కావాలంటే ఇంత తతంగం అక్కర్లేదు. చేయి తిరిగిన ఆర్టిస్టు ఇద్దరు సహాయకులతో వారంలో ముగిస్తాడు. పిల్లల చేత చేయించాలనుకున్నప్పుడే పని కష్టమవుతుంది. ఆ కష్టం పిల్లల వల్ల కాదు, పక్కన నిలబడ్డ పెద్దల వల్ల. వంకర గీత కనబడితే పెద్దవాళ్ళ చేయి ఊరుకోదు. "ఇలా ఇవ్వు, నేను సరిచేస్తాను" అంటూ బ్రష్ అందుకుంటారు. ఆ క్షణం నుంచి ఆ బొమ్మ ఆ పిల్లది కాదు.

పిల్లల భాగస్వామ్యం మీద పరిశోధించిన రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లూ భాగస్వామ్యం కిందకే రావన్నాడు. అందులో రెండో మెట్టు పేరు 'అలంకరణ': పిల్లలు ఎదురుగా కనిపిస్తారు, నిర్ణయం మాత్రం వాళ్ళది కాదు. పెద్దలు గీసిన ఔట్‌లైన్ లోపల పిల్లలు రంగు నింపే గోడలన్నీ ఆ మెట్టు మీదే ఆగిపోతాయి. ఈ కేసులో తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఆ మెట్టు దాటడానికే. సామాన్ల ఎంపిక కూడా అందుకే.

మొదటి వారంలోనే ఒక పేజీ ఒప్పందం రాసుకుని హెడ్‌మాస్టరు, బడి కమిటీ, వలంటీర్ల తరఫున ఇద్దరు సంతకాలు పెట్టారు. ఏం గీయాలి, ఎలా గీయాలి, ఆ గీతలో ఏ రంగు పడాలి అనేవి పిల్లల పనులు. గోడ గీకడం, ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేయడం, పై భాగానికి అతికించే బట్ట కోయడం, రంగులు కలపడం, ఎత్తు మీద పని, అతికించడం, కడగడం పెద్దల పనులు. నినాదాలు, దాతల పేర్లు, లోగోలు గోడ మీద ఉండవు. పేర్లు, లోగోలు ఉండవన్న ఈ మాట ముందే రాసుకోవాలి. సామాన్లు కొనిచ్చిన వాళ్ళు పదో వారంలో వచ్చి మూల మీద తమ పేరు వేయమంటే అప్పుడు కాదనడం చాలా కష్టం. దాతల పేర్లకి బడి లోపల వరండాలో ఒక బోర్డు సరిపోయింది.

విషయం ఎంపిక

ముందు అనుకున్న విషయాలు ప్రకృతి, శాంతి, చదువు. మూడింటినీ ఒక్కో పీరియడ్ పరీక్షించి చూశారు. రెండు కొండల మధ్య సూర్యుడు, పావురం, తెరిచిన పుస్తకం వచ్చాయి. తరగతి మారినా అవే బొమ్మలు. పెద్ద మాట ఇస్తే పిల్లలు ఎక్కడో చూసిన గుర్తునే తిరిగి గీస్తారు, తమ కంటితో చూసినది గీయరు. చివరికి తేలిన విషయం 'బడికి వచ్చే దారి'. ప్రతి పిల్లకీ ఒక దారి ఉంటుంది, అది ఇంకొకరి దారి కాదు. ఆ దారి పక్కన ఉండే మనుషులే ఈ పనిలో చేరాల్సిన ఇరుగుపొరుగు. కూర్పు సమస్య కూడా దీంతోనే తీరింది. దారి అంటే ఒక పట్టీ, అది ముక్క నుంచి ముక్కకి సాగుతుంది. 14 మీటర్ల గోడని ఒకటిగా పట్టుకునే దారం అదే.

మొదటి రెండు వారాలు పెన్సిలు, కాగితమే. ఎనిమిదేసి మంది పిల్లలకి ఇద్దరు పెద్దలు చొప్పున దారి మీదికి వెళ్ళారు. ఒక్కొక్కరికి గట్టి అట్ట, దానికి క్లిప్పు, ఏ5 కాగితాలు మూడు, మెత్తటి పెన్సిలు ఒకటి. రబ్బరు లేదు. మూడు చోట్ల ఆగాలి, చోటుకి 7 నిమిషాలు. మొదటి రెండు నిమిషాలు చూడటమే, గీయకూడదు. ఆ రెండు నిమిషాలు లేకపోతే పిల్లలు గేటుని చూడకుండా 'గేటు' అనే మాటని గీస్తారు.

ఆగిన చోట ఉండేవాళ్ళని పిల్లలు రెండు ప్రశ్నలు అడిగారు: "మీరు చిన్నప్పుడు ఇక్కడ ఏముండేది?", "ఈ దారిలో మీకు బాగా తెలిసిన వస్తువు ఏది?" జవాబుని అదే కాగితం వెనక రెండు మాటల్లో రాసుకున్నారు. ఒకటో తరగతి పిల్లలకి ఐదో తరగతి వాళ్ళు రాసిపెట్టారు. కొట్టేసిన చెట్టు, మూసేసిన బావి, గోడలో కలిసిపోయిన తలుపు చిత్రంలోకి ఈ దారినే వచ్చాయి. చుట్టుపక్కల వాళ్ళని కలుపుకోవడమంటే చాలామంది శ్రమదానం అనే అనుకుంటారు. బ్రష్ ముట్టుకోని ముసలాయన చెప్పిన చెట్టు గోడ మీదికెక్కితే ఆయన ఆ గోడని కాపలా కాస్తాడు. పైపెచ్చు, పగలంతా ఉద్యోగంలో ఉండి బడికి రాలేని తల్లిదండ్రులకి కూడా ఇందులో భాగం దొరుకుతుంది.

మూడో వారం బొమ్మలన్నీ నేల మీద పరిచి మాట్లాడుకోవడం. ఇక్కడ తరగతి టీచర్లకి మూడు ప్రశ్నలే ఇచ్చారు: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? అలా అనడానికి నీకు ఇందులో ఏం కనబడింది? ఇంకేం కనబడుతోంది? ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ కలిసి మ్యూజియం పాఠాల కోసం రూపొందించిన పద్ధతి ఇది. చిత్రకళ చదువుకోని టీచరు కూడా మొదటి రోజు నుంచే వాడగలగడం దీని బలం. బాగుంది, బాగోలేదు అన్న మాటలకి ఇందులో చోటు లేదు.

వయసుకి తగ్గ పని

అన్ని తరగతులకీ ఒకే పని ఇస్తే కొందరికి విసుగు, కొందరికి భయం. చిత్రకళా విద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వివరించిన పిల్లల బొమ్మల దశలు ఇప్పటికీ పని పంచుకోవడానికి మంచి ఆధారం. నాలుగు నుంచి ఏడేళ్ళ వరకు బొమ్మలు కాగితం మీద తేలుతుంటాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ళలో కింద ఒక నేల గీత వస్తుంది, అన్నీ దాని మీద నిలబడతాయి, ఇంటి గోడ ఉన్నా లోపలి మనుషులు కనబడతారు. తొమ్మిది దాటాక పిల్లలు తమ బొమ్మని నిజం వస్తువుతో పోల్చుకోవడం మొదలుపెడతారు. "నాకు రాదు" అన్న మాట ఎక్కువగా అప్పుడే పుడుతుంది.

దాన్నిబట్టి గోడని అడ్డంగా మూడు పట్టీలు చేశారు. నేల నుంచి 30 సెంటీమీటర్ల వరకు ఒకే ముదురు రంగు. వాన చినుకుల బురద పడేది అక్కడే, బొమ్మ వేస్తే మొదటి వానకే పోతుంది. 30 నుంచి 120 సెంటీమీటర్ల వరకు, అంటే 12.6 చదరపు మీటర్లు, ఒకటి రెండు తరగతుల 64 మంది నేరుగా గోడ మీద వేయాలి. వాళ్ళ చేయి నిచ్చెన లేకుండా అందే ఎత్తు అదే. 120 పైన మిగిలిన 16.8 చదరపు మీటర్లు మూడు, నాలుగు, ఐదు తరగతుల 104 మందివి.

ఆ పై పట్టీ దగ్గరే చాలా బళ్ళలో పెద్దలు చొరబడతారు. పిల్లల్ని పరంజా ఎక్కించకూడదు, కాబట్టి పై భాగం 'మేం వేసేస్తాం' అంటారు. పరిష్కారం బట్ట. పల్చటి నాన్‌వోవెన్ (నేయకుండా తయారైన) పాలిస్టర్ బట్ట మీద తరగతి గదిలోనే, బల్లల మీద పిల్లలు రంగులు వేస్తారు. ఆరాక పెద్దలు దాన్ని బంకలా పనిచేసే చిక్కటి యాక్రిలిక్ జెల్‌తో గోడకి అతికిస్తారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సామూహిక గోడచిత్రాలకి విరివిగా వాడే పద్ధతి ఇది. నేత బట్ట పనికిరాదు. దాని పోగులు అంచుల దగ్గర లేస్తాయి, అల్లిక గోడ మీద కనబడుతుంది.

మీటరు వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తుతో 14 ముక్కలు. ముక్కకి ఏడెనిమిది మంది. నలుగురు ఒక పూట, మిగతావాళ్ళు మరో పూట. ఒకే బల్ల చుట్టూ ఎనిమిది మందిని ఒకేసారి నిలబెడితే మోచేతులు తగిలి గొడవలవుతాయి.

ముక్కలు వేర్వేరు గదుల్లో తయారైనా గోడ మీద కలవాలంటే ఒక నియమం చాలు. ప్రతి ముక్క ఎడమ, కుడి అంచుల్లో కింది నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర, 80 సెంటీమీటర్ల దగ్గర 10 సెంటీమీటర్ల వెడల్పున దారి లోపలికి రావాలి, బయటికి పోవాలి. మధ్యలో ఆ దారి ఎన్ని మెలికలు తిరిగినా పిల్లల ఇష్టం. ఆ గుర్తులు రంగు పెన్సిలుతో పెద్దలు పెట్టారు. మొత్తం బట్ట మీద పెద్దలు పెట్టిన గుర్తులు ఇవి మాత్రమే.

కూర్పు కోసం నాలుగో వారం 1:10 కొలతలో, అంటే 140 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కాగితం మీద నమూనా తయారైంది. ప్రతి పిల్ల బొమ్మల నుంచి ఒక వస్తువు ఉండాల్సిందే. ఏది ఉండాలో ఆ పిల్లే ఎంచుకుంటుంది. జిరాక్సులో చిన్నది చేసి, కత్తిరించి, ఎక్కడ పెట్టాలో ప్రతి గుంపూ తేల్చుకుంది. 'మంచి బొమ్మల' ఎంపిక పోటీ పెట్టలేదు. పోటీ పెడితే పది మంది బొమ్మలు గోడెక్కుతాయి, మిగతా వాళ్ళు వాటికి రంగులేసే కూలీలవుతారు.

పెద్దది చేయడానికి ప్రొజెక్టరు వాడదామన్న సూచన వచ్చింది. వాడలేదు. ప్రొజెక్టరు గీతని అనుసరించేటప్పుడు చేయి తడుముకుంటూ పోతుంది, పిల్ల గీతలో ఉండే వేగం పోతుంది. గళ్ళు గీసి ఎక్కించడం ఐదో తరగతికి బాగానే ఉంటుంది, మూడో తరగతికి అది లెక్కల పాఠమైపోతుంది. అందుకే ఖాకీ కాగితం మీద అసలు కొలతలో బొగ్గుతో ఒకసారి గీయడం, మర్నాడు దాన్ని పక్కన పెట్టుకుని బట్ట మీద సుద్దతో మళ్ళీ గీయడం. రెండోసారి గీత మారుతుంది. మారనివ్వాలి. సుద్ద తడిబట్టతో తుడిస్తే పోతుంది కాబట్టి పిల్లలకి భయం ఉండదు. పెన్సిలు గీతలు లేత రంగుల కింద నుంచి కనబడతాయి, వద్దు.

"నాకు రాదు" అన్నవాళ్ళ కోసం అట్టలో 4 x 6 సెంటీమీటర్ల కిటికీ కోసి ఇచ్చారు. సైకిలంతా గీయమంటే వెనక్కి తగ్గిన పిల్లవాడు కిటికీలోంచి కనబడే పెడల్, చెయిను ముక్క గీస్తాడు. ఆ ముక్కే గోడ మీద అర మీటరు పెద్దదైంది. ఈ చిన్న అట్టముక్క చేసిన మేలు ఏ ఉపన్యాసమూ చేయదు.

గోడ

పిల్లలు దారుల్లో ఉన్న రోజుల్లోనే పెద్దలు గోడని పరీక్షించారు. మూడు పరీక్షలు. అరచేతితో రుద్దితే పొడి అంటితే పాత సున్నం గానీ రంగు గానీ పట్టు వదిలిందన్నమాట. బ్లేడుతో గళ్ళుగా గాట్లు పెట్టి, టేపు గట్టిగా అతికించి లాగితే రంగు ఊడివస్తే ఆ పొర పోవాలి. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటుని నాలుగు అంచులా టేపుతో మూసి 16 గంటలు వదిలి చూస్తే, లోపల నీటి బిందువులుంటే గోడలో చెమ్మ ఉంది. మూడో పరీక్షే ఎక్కువగా వదిలేస్తారు, ఎక్కువ గోడలు పాడయ్యేదీ అక్కడే. ఈ గోడ మీద ఆరు చోట్ల షీట్లు పెడితే ఒక్కచోట, వాననీటి గొట్టం పక్కన, చెమ్మ తేలింది. గొట్టం అతుకు కారుతోంది. దాన్ని బాగుచేయించి, మూడు వారాల తర్వాత షీటు మళ్ళీ పెట్టి, పొడిగా ఉందని తేలాకే అక్కడ ప్రైమర్ పడింది. చెమ్మ గోడ మీద యాక్రిలిక్ రంగు వేస్తే అది బుడగలై లేస్తుంది, వెనక ఉప్పు పొంగుతుంది. ఉప్పు కనబడితే పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్ళతో కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్ళీ గోడలోకి పోతుంది.

పాత భవనాల రంగుల్లో సీసం ఉండవచ్చు. అనుమానం ఉంటే పొడిగా గీకకూడదు. తడిపి గీకాలి, మాస్కు ఉండాలి, పిల్లలు ఆవరణలో లేని రోజు చేయాలి, రాలిన పెచ్చులు ప్లాస్టిక్ పట్టా మీద పట్టి మూటగట్టి పారేయాలి. సీసం విషయంలో పిల్లలకి సురక్షితమైన మోతాదు అంటూ లేదు. కొత్తగా ప్లాస్టరు వేసిన చోట్ల 28 రోజులు ఆగి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేయాలి.

పరిమాణాల లెక్క ఇది. గోడంతా 33.6 చదరపు మీటర్లు, లీటరుకి 8 చదరపు మీటర్లు చొప్పున రెండు కోట్లకి ప్రైమర్ 8.4 లీటర్లు. బట్టకి రెండు కోట్లు 4.2 లీటర్లు. బట్ట మీద రంగు మరో 4.2. గోడ గరుకుగా ఉంది కాబట్టి ఒకటి రెండు తరగతుల పట్టీకి లీటరుకి 7 చదరపు మీటర్లే లెక్క, అంటే 3.6. రంగు మొత్తం 7.8 లీటర్లు. పిల్లల పనిలో నాలుగో వంతు డబ్బాల్లోనూ బ్రష్‌ల్లోనూ పోతుంది, దాన్ని కలిపి 10 లీటర్లు తెప్పించారు. నేలని ఆనుకున్న పట్టీకి ముదురు రంగు వేరుగా ఒకటిన్నర లీటరు. జెల్ చదరపు మీటరుకి అర లీటరు చొప్పున 8.4, కొన్నది 10. అతికించడంలో జెల్ పిసినారితనం పనికిరాదు, పల్చగా పూసిన చోటే అంచు లేస్తుంది.

రంగులు కొనేటప్పుడు డబ్బా మీది పేరు కాదు, పిగ్మెంట్ కోడ్ (అందులో వాడిన రంగు పదార్థాన్ని తెలిపే గుర్తు) చదవాలి. ఎర్ర ఐరన్ ఆక్సైడ్ పీఆర్ 101, పసుపు ఐరన్ ఆక్సైడ్ పీవై 42, థాలో నీలం పీబీ 15, థాలో ఆకుపచ్చ పీజీ 7, తెలుపు పీడబ్ల్యూ 6, మెరిసే ఎరుపు కావాలంటే పీఆర్ 254. ఇవన్నీ ఎండకి నిలుస్తాయి. ఫ్లోరోసెంట్ రంగులు పిల్లలకి ఎంత నచ్చినా ఎండ గోడ మీద కొద్ది నెలల్లో వెలిసిపోతాయి. క్యాడ్మియం రంగులు, పొడి రంగులు బడిలోకి రానివ్వకూడదు.

రంగులు కలిపే పని పెద్దలదే అయినా, ఏ రంగు కావాలో పిల్లలు చెప్పారు. దారిలో ఏరిన ఆకు, ఇటుక ముక్క, తుప్పు పట్టిన మేకు ఎదురుగా పెట్టుకుని ఐదో తరగతి వాళ్ళు చెంచాల లెక్కన కలిపి, ఆ పాళ్ళు కార్డు మీద రాశారు. ఆ కార్డు ప్రకారం పెద్దలు లీటర్లలో కలిపారు. 11 రంగులకి 11 నంబర్లు.

రంగులు వేసిన వారాలు

కుంచెలు వయసుని బట్టి. ఆరేడేళ్ళ వాళ్ళకి పొట్టి పిడి, 25 మిల్లీమీటర్ల చదును బ్రష్. పై తరగతుల పిల్లలకి 12 మిల్లీమీటర్ల చదునుది ఒకటి, 6వ నంబరు గుండ్రటిది ఒకటి. అడుగు భాగం వెడల్పుగా ఉన్న డబ్బాలో రంగు 2 సెంటీమీటర్ల లోతుకి మించకూడదు. నిండుగా పోస్తే బ్రష్ పిడి దాకా మునుగుతుంది, గోడ మీద కారుతుంది. చిన్న తరగతుల్లో డబ్బాకొక బ్రష్, అది ఆ డబ్బాలోనే ఉండాలి. బ్రష్ కడిగి రంగు మార్చే పద్ధతి పెడితే పావుగంటలో అన్ని రంగులూ బురద రంగవుతాయి. గోడ దగ్గర ఒకేసారి ఎనిమిది మందే, మనిషికీ మనిషికీ మీటరున్నర దూరం. 64 మందికి ఎనిమిది విడతలు. మిగతా వాళ్ళకి అదే సమయంలో వరండాలో వేరే పని సిద్ధంగా ఉండాలి. ఖాళీగా వరుసలో నిలబెట్టిన పిల్లలు ఐదో నిమిషంలో రంగు డబ్బా తన్నేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు.

యాక్రిలిక్ ఆరితే బట్టల మీంచి పోదు. పెద్దవాళ్ళ పాత చొక్కాలు వెనక్కి తిప్పి తొడిగితే సరిపోతుంది. బ్రష్‌లు కడిగిన నీళ్ళు కాలవలో పోయకూడదు. రెండు బకెట్లు పెట్టి, రాత్రంతా తేరనిచ్చి, అడుగున చేరిన రంగుని కాగితంలో ఆరబెట్టి చెత్తలో వేశారు. పది డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నా, గోడ మీద ఎండ నేరుగా పడుతున్నా పని ఆపాలి.

మొదటి వలంటీర్ల రోజే అసలు గొడవ జరిగింది. మూడో తరగతి అమ్మాయి వేసిన వంతెన పక్కకి ఒరిగి ఉంది. ఒక తండ్రి మంచి మనసుతోనే, ఆ పాప నీళ్ళకి వెళ్ళినప్పుడు, స్కేలు పెట్టి దాన్ని నిటారు చేశాడు. తిరిగొచ్చిన పాప "ఇది నాది కాదు" అని ఇంకో మూలకి వెళ్ళి కూర్చుంది. ఆ చోట ప్రైమర్ వేసి, మరుసటి వారం ఆ అమ్మాయి చేతే మళ్ళీ వేయించారు. అందుకోసం ఒక పూట పోయింది, పోవాల్సిందే. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. చేతికి పని ఇవ్వకుండా పిల్లల పక్కన నిలబెడితే ఎవరైనా అదే చేస్తారు. ఆ రోజు నుంచి వలంటీర్లకి గదిలో మూడు పనులే: డబ్బాలు నింపడం, తడి బ్రష్‌లు అందుకోవడం, నేల తుడవడం. మాట్లాడాలనిపిస్తే "దీని గురించి చెప్పమ్మా", "ఇంకేమైనా కావాలా నాన్నా?" అనే రెండు మాటలు కార్డు మీద రాసి మెడలో వేశారు. "ఇదేంటి?" అని అడగొద్దన్నారు. అడిగితే గుర్తుపట్టేలా వేయలేదని పిల్లలకి అర్థమవుతుంది.

వలంటీర్ల సంఖ్యలోనూ ఒక పాఠం ఉంది. తల్లిదండ్రుల సమావేశంలో చేతులెత్తినవాళ్ళు 31 మంది, మొదటి శనివారం వచ్చింది 9 మంది. 'వచ్చి సాయం చేయండి' అన్న పిలుపుకి ఎవరూ తమని పిలిచినట్టు అనుకోరు. తర్వాతి చీటీ ఇలా వెళ్ళింది: 'శనివారం 9 నుంచి 11 వరకు, గోడ గరుకు కాగితంతో రుద్దడం, నలుగురు కావాలి, పాత బట్టలు వేసుకోండి'. పని, సమయం, మనుషుల సంఖ్య తెలిశాక అడిగినంత మందీ వచ్చారు. పగలు రాలేని వాళ్ళకి ఇంటికే పని పంపారు: బట్ట కోయడం, డబ్బాలకి నంబర్లు అంటించడం, పిల్లలు రాసుకొచ్చిన జవాబుల్ని ఫెయిర్ కాపీ చేయడం. చదవడం రాని నాయనమ్మలకి, తాతయ్యలకి చీటీ కాదు, పిల్లల నోటి మాటే పిలుపు.

అతికింపు

బట్టతో మూడు పొరపాట్లు జరిగాయి. మూడూ ముందే తెలిసి ఉంటే తప్పేవి. మొదటిది: ఆరిన రెండు ముక్కల్ని రంగు వైపు రంగు వైపుకి ఆనించి పేర్చారు. యాక్రిలిక్ చేతికి ఆరినట్టు తగిలినా పొర లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. ఒత్తిడికి రెండూ అతుక్కుని, లాగితే ఒకదాని రంగు రెండోదానికి వచ్చింది. పేర్చక తప్పనప్పుడు మధ్యలో పల్చటి పాలిథీన్ షీటు ఉండాలి, చుడితే రంగు బయటి వైపుకి ఉండేలా చుట్టాలి. రెండోది: ప్రైమర్‌కి బట్ట కొద్దిగా ముడుచుకుంది, మీటరు ముక్క మీటరు లేదు. తర్వాతి ముక్కల్ని అన్ని వైపులా 3 సెంటీమీటర్లు ఎక్కువ కోసి, గోడ మీద ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా వేసి, ఇనుప స్కేలు ఆనించి పదునైన బ్లేడుతో రెండు పొరలూ ఒకేసారి కోశారు. పై పీలిక, కింది పీలిక తీసేస్తే అతుకు గీతలా కుదురుతుంది. పొట్టిగా వచ్చిన ముక్కల అంచుల్లో గోడ ప్రైమర్ కనబడిన చోట, ఆ గుంపు పిల్లలే వచ్చి రంగు అద్దారు.

మూడోది ఎండ. మధ్యాహ్నం వేడెక్కిన గోడ మీద జెల్ బట్ట పడేలోపే పొర కట్టింది, రెండు ముక్కల్లో బుడగలొచ్చాయి. ఇంజెక్షన్ సిరంజితో బుడగలోకి జెల్ ఎక్కించి నొక్కితే చాలావరకు కూర్చున్నాయి. తర్వాత అంతా ఉదయం నీడలోనే. సరైన వరుస: గోడకి జెల్, బట్ట వెనకకీ జెల్, పై అంచు నిలబెట్టి, మధ్య నుంచి అంచులకి రబ్బరు పట్టీతో గాలిని తోయడం, పక్కకి కారిన జెల్‌ని వెంటనే తడిబట్టతో తుడవడం. ముక్కకి ముగ్గురు మనుషులు. ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు నొక్కాలి. 14 ముక్కలకి రెండు ఉదయాలు పట్టాయి.

వారం ఆరాక ఎండని తట్టుకునే వార్నిష్ రెండు పల్చటి కోట్లు. వార్నిష్ తొందరపడి వేస్తే లోపలి తేమ బయటికి పోలేక పాలలా తెల్లబడుతుంది. కోటు మందంగా వేసినా అంతే.

వీధి వైపు గోడ కాబట్టి పిల్లల పేర్లు వేయలేదు. ప్రతి పిల్లా తనకంటూ ఒక గుర్తు తయారు చేసుకుంది, 3 సెంటీమీటర్లకి మించకుండా. ఏ గుర్తు ఎవరిదో చెప్పే పట్టిక బడి లోపలే ఉంటుంది. ఫోటోల అనుమతి పత్రం మొదటి వారంలోనే తీసుకోవాలి, అనుమతి లేని పిల్లల్ని చివరి రోజు ఫోటోల్లోంచి ఏరడం సాధ్యం కాదు.

పిల్లలు ఏం నేర్చుకున్నారు

గోడని చూసి దీనికి జవాబు చెప్పకూడదు. మొదటి వారం గీసిన అదే మూలని, అదే 7 నిమిషాల్లో, 12వ వారం మళ్ళీ గీయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. చూసిన అంశాలు నాలుగు: ఒక వస్తువు మరోదాని వెనక ఉన్నట్టు గీశారా, పరిమాణాల్లో తేడా ఉందా, ఆ చోటుకి మాత్రమే చెందిన వివరాలు ఎన్ని, కాగితం అంచుని వాడుకున్నారా. మార్కులు లేవు. తేడా స్పష్టంగా కనబడింది మూడు, నాలుగు తరగతుల్లో. 'గేటు' అనే గుర్తు పోయి, తుప్పు పట్టిన గొళ్ళెం ఉన్న ఒకానొక గేటు వచ్చింది. ఐదో తరగతిలో గీత కంటే మాటలో మార్పు ఎక్కువ. ఎందుకు అలా వేశావంటే కారణం చెప్పగలిగారు. ఒకటో తరగతి బొమ్మల్లో ఈ నాలుగు అంశాలతో పెద్దగా ఏమీ తేలలేదు, తేలాలని ఆశించడం కూడా తప్పే. ఆ వయసు వాళ్ళకి కొలమానం వేరు. ఎంతసేపు నిలకడగా పనిచేశారు, ఎదుటివాడి చోటుకి ఎంత జాగా వదిలారు అన్నది చూడాలి. ఈ కేసులో దాన్ని తరగతి టీచర్లు రాసిపెట్టుకోలేదు. ప్రణాళికలో అదొక లోటు, మళ్ళీ చేసేవాళ్ళు మొదటి వారం నుంచే ఒక నోటుపుస్తకం పెట్టాలి.

నిర్వహణ బాధ్యత కమిటీలో ఇద్దరిది, ఏటా వాన కాలం ముగిశాక ఒక ఉదయం. సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి స్పాంజి, తర్వాత మంచి నీళ్ళు. ప్రెషర్ పైపు పెట్టకూడదు, అంచుల కిందికి నీళ్ళు దూరతాయి. లేచిన అంచులకి జెల్. కలిపిన 11 రంగుల్లో ఒక్కోటి 200 మిల్లీలీటర్లు, పాళ్ళ కార్డుతో సహా, మూత బిగించి నీడలో దాచారు. గీతలు పడితే వాటితోనే సరిచేయాలి, అది కూడా బొమ్మ వేసిన పిల్ల ఇంకా బడిలో ఉంటే ఆ పిల్ల చేతనే. ఇప్పటి ఒకటో తరగతి వాళ్ళు ఐదో తరగతి ముగించే ఏడాది గోడని ఉంచాలా, ప్రైమర్ వేసి కొత్తగా మొదలుపెట్టాలా అన్నది అప్పటి పిల్లలు తేలుస్తారని ఒప్పందం చివరి వాక్యంలో ఉంది.